పిక్ నంబరు ఏం చెబుతుంది? 2001 ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మీద ఒక వాదన

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య, ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బులు కొత్త కుర్రాళ్లను ఎంచుకున్న 2001 డ్రాఫ్ట్ మాట వచ్చిందంటే, ఎవరో ఒకరు జాబితా తిరగరాయడం మొదలుపెడతారు. ఒకటో పేరు గ్యారీ ఆబ్లెట్ జూనియర్, రెండు క్రిస్ జడ్, మూడు ల్యూక్ హాడ్జ్ అంటూ సాగుతుంది. పక్కన బ్రాకెట్లో, ఆ రోజు ఎన్నో ఎంపికగా వెళ్లారో ఆ అసలు నంబర్లు. ఆబ్లెట్ 40, సామ్ మిచెల్ 36, డేన్ స్వాన్ 58, బ్రయన్ లేక్ 71. ఆ నంబర్లు చూసి అందరూ ఒకే మాట అంటారు: అప్పటి క్లబ్బులకు కళ్లు లేవు.

ఈ మాటతో నాకు పేచీ ఉంది. 2001లో ఎవరు ఏ నంబరుకు వెళ్లారన్నది ఆ కుర్రాళ్ల ప్రతిభకు వేసిన మార్కుల పట్టిక కాదు. అందులో సగం నిబంధనల లెక్క, పావు వంతు క్లబ్బుల అవసరం. మిగిలిన పావే అంచనా. ఆ తర్వాత ఏం జరిగిందన్నది చాలావరకు ఆ కుర్రాడు ఏ మైదానంలో, ఎవరి చేతుల్లో పడ్డాడన్న దాన్ని బట్టి తేలింది. ఇది వివరాలతో చూపించాల్సిన విషయం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏమిటో రెండు మాటలు. మనకు ఐపీఎల్ వేలం తెలుసు. అక్కడ డబ్బు ఉన్నవాడు పాట పెంచి ఆటగాడిని దక్కించుకుంటాడు. ఏఎఫ్ఎల్‌లో కుర్రాళ్లను ఎంచుకోవడానికి డబ్బు పనికిరాదు. ఆ ఏడాది పట్టికలో చివరన ఉన్న జట్టుకు మొదటి పిక్ (ఎంపిక), దానిపైన ఉన్నదానికి రెండోది, ఛాంపియన్‌కు ఆఖరున. ఒక రౌండు అయ్యాక మళ్లీ అదే వరుస. ఎవరు పిలిస్తే ఆ కుర్రాడు అక్కడికి వెళ్లాలి, మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగినవాడైనా పెర్త్‌కు పెట్టె సర్దుకోవాల్సిందే. అక్టోబరులో జరిగే ట్రేడ్ సమయంలో క్లబ్బులు ఈ పిక్‌లను ఆటగాళ్ల కోసం మార్చుకోవచ్చు. పిక్ అంటే ఒక రకమైన హుండీ కాగితం అనుకోండి.

ఇప్పుడు 2001. ఫ్రీమాంటిల్ ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. సెయింట్ కిల్డా నాలుగు గెలిచింది, వెస్ట్ కోస్ట్ ఐదు. అప్పటి నిబంధన ప్రకారం ఐదుకు మించి గెలవని జట్లకు మొదటి రౌండు మొదలుకాకముందే ఒక అదనపు పిక్, అంటే ప్రయారిటీ పిక్ ఇచ్చేవారు. ఈ మూడు క్లబ్బులూ ఆ గీత కిందకు వచ్చాయి. కాబట్టి 1, 2, 3 నంబర్లు వీళ్లవే, మళ్లీ 4, 5, 6 కూడా వీళ్లవే. మొదటి ఆరు పిక్‌లు పుట్టింది మూడు క్లబ్బుల చేతుల్లో. ఏడో నంబరుకు వెళ్లినవాడు ఆరుగురు వేర్వేరు నిపుణులు ఒకరి తర్వాత ఒకరు చూసి వదిలేశాక మిగిలినవాడు అనుకుంటే అది తప్పు. అంతకుముందు మాట్లాడింది మహా అయితే నలుగురు.

నలుగురు ఎలాగంటే, ఫ్రీమాంటిల్ తన ఒకటో నంబరును అమ్మేసింది. హాథార్న్ దగ్గర ట్రెంట్ క్రోడ్ అనే పొడగరి ఫార్వర్డ్ ఉన్నాడు, ల్యూక్ మెక్‌ఫార్లిన్ అనే కుర్రాడు కూడా ఉన్నాడు. ఆ ఇద్దరినీ తీసుకుని ఫ్రీమాంటిల్ 1, 20, 36 పిక్‌లను హాథార్న్‌కు ఇచ్చింది. ఇక్కడ గమనించాల్సింది, హాథార్న్ ఆ ఏడాది కింద పడి ఉన్న జట్టు కాదు. ప్రిలిమినరీ ఫైనల్ దాకా, అంటే గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లిన జట్టు. అలాంటి జట్టు తన ముందు వరుస ఆటగాడిని ఇచ్చి, ఇంకా స్కూల్ వయసు దాటని ఒక కుర్రాడి కోసం ఒకటో నంబరు కొనుక్కోవడం మామూలు ధైర్యం కాదు.

ఆ ఒకటో నంబరుతో కోలాక్ ఊరి కుర్రాడు ల్యూక్ హాడ్జ్‌ను తీసుకున్నారు. రెండో నంబరుతో సెయింట్ కిల్డా ల్యూక్ బాల్‌ను, మూడుతో వెస్ట్ కోస్ట్ క్రిస్ జడ్‌ను. ఈ ముగ్గురి వరుస మీద రెండు దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. జడ్‌కు సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్స్ రెండు వచ్చాయి (2004, 2010), 2006లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్ ఎత్తాడు. కాబట్టి హాథార్న్ పొరపాటు చేసిందని కొందరి తీర్పు.

నేను ఒప్పుకోను. మొదట వయసు చూడండి. జడ్ 1983 సెప్టెంబరులో పుట్టాడు, హాడ్జ్ 1984 జూన్‌లో. తొమ్మిది నెలల తేడా. పదిహేడు, పద్దెనిమిదేళ్ల శరీరాల్లో తొమ్మిది నెలలంటే చిన్న విషయం కాదు: తుంటి బలం, భుజాల వెడల్పు, మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో ఊపిరి, అన్నీ మారతాయి. రెండోది, అప్పటికే జడ్ భుజాలకు గాయాల చరిత్ర ఉంది. ఇది గుద్దుకునే ఆట. బంతి కోసం వంగినవాడి భుజం మీదే మొదటి దెబ్బ పడుతుంది. ఒకటో నంబరు ఖర్చుపెట్టేటప్పుడు అది పట్టించుకోకపోతే పట్టించుకోనందుకు తిట్టాలి.

మూడోదే అసలు సంగతి. బ్రౌన్‌లో ఓట్లు వేసేది అంపైర్లు. ప్రతి మ్యాచ్ అయ్యాక ముగ్గురిని ఎంచి 3, 2, 1 ఇస్తారు. బంతి చుట్టూ తిరిగేవాడే అంపైర్ కంటికి ఆనతాడు, అంటే మిడ్‌ఫీల్డర్. హాడ్జ్ తన మంచి రోజుల్లో చాలా భాగం వెనక, డిఫెన్స్‌లో నిలబడి జట్టును నడిపాడు. ఆ పనికి బ్రౌన్‌లో రాదు. గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్ మాత్రం అతనికి రెండుసార్లు వచ్చింది, 2008లో, 2014లో. మొదటిసారి పక్కటెముకల గాయంతో ఆడి మరీ. నాలుగు ప్రీమియర్‌షిప్‌లు, 346 మ్యాచ్‌లు, అందులో 305 హాథార్న్‌కే. ఒకటో నంబరు నుంచి ఇంతకన్నా ఏం రాబట్టాలి?

జడ్ కథలో రెండో భాగం ఈ జాబితాలు రాసేవాళ్లు దాదాపు మర్చిపోతారు. అతను మెల్‌బోర్న్ కుర్రాడు, పంపింది దాదాపు 2,700 కిలోమీటర్ల అవతలి పెర్త్‌కు. ఆరు సీజన్లు అక్కడ ఆడాడు, 134 మ్యాచ్‌లు. 2005 గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీ చేతిలో నాలుగు పాయింట్ల తేడాతో ఓడినా నార్మ్ స్మిత్ అతనికే వచ్చింది. మరుసటి ఏడు అదే సిడ్నీని ఒక్క పాయింట్‌తో ఓడించారు, 85కు 84. 2007 చివర్లో ఇంటికి వెళ్తానన్నాడు. దూరం నుంచి తెచ్చుకున్న కుర్రాడు ఏదో ఒక రోజు ఇల్లు గుర్తొచ్చి వెళ్లిపోతాడన్న భయం మెల్‌బోర్న్ బయటి ప్రతి క్లబ్బుకూ ఉంటుంది. ఆ నష్టాన్ని లెక్కలో వేయకుండా జడ్ మూడో నంబరును తూచకూడదు.

వెస్ట్ కోస్ట్ మాత్రం ఆ నష్టాన్ని లాభంగా మార్చుకుంది. జడ్‌నూ 46వ పిక్‌నూ కార్ల్టన్‌కు ఇచ్చి 3, 20 పిక్‌లతో పాటు జోష్ కెన్నెడీ అనే యువ ఫార్వర్డ్‌ను అడిగి తీసుకుంది. కెన్నెడీ పశ్చిమ ఆస్ట్రేలియా కుర్రాడే, అతనికిది ఇంటికి రావడం. 2015లో, 2016లో లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే కోల్‌మన్ మెడల్ అతనిదే, 2018 ప్రీమియర్‌షిప్ జట్టులోనూ ఉన్నాడు. అంటే 2001 మూడో నంబరు ఫలం 2006లో ఒకసారి, 2018లో ఇంకోసారి చేతికొచ్చింది. కార్ల్టన్‌కు జడ్ 145 మ్యాచ్‌లు ఆడాడు, గొప్పగా ఆడాడు, బ్రౌన్‌లో కూడా తెచ్చాడు. ప్రీమియర్‌షిప్ మాత్రం రాలేదు.

ఇప్పుడు 40వ నంబరు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎక్కువ అపోహ ఉన్నది అక్కడే.

గ్యారీ ఆబ్లెట్ జూనియర్‌ను మిగతా క్లబ్బులు 39 పిక్‌ల దాకా చూస్తూ వదిలేశాయన్న మాట పచ్చి అబద్ధం. వాళ్లు అతన్ని తీసుకోవడానికే వీల్లేదు. తండ్రి జీలాంగ్‌కు 242 మ్యాచ్‌లు ఆడిన గ్యారీ ఆబ్లెట్ సీనియర్. ఒక క్లబ్బుకు తగినన్ని మ్యాచ్‌లు ఆడినవాడి కొడుకును ఆ క్లబ్బు ముందే తన పేరు మీద రాయించుకోవచ్చన్న తండ్రి–కొడుకు నిబంధన ఉంది. ఆ రోజుల్లో దానికి కట్టాల్సిన ధర మూడో రౌండు పిక్. జీలాంగ్ మూడో రౌండు పిక్ 40వది. అంతే. జీలాంగ్ పన్నెండో స్థానానికి బదులు ఆఖరి స్థానంలో ఉండి ఉంటే ఆ నంబరు 30ల్లోకి వచ్చేది, ఛాంపియన్ అయి ఉంటే 50 దాటిపోయేది. కుర్రాడు మాత్రం అతనే.

తర్వాత లీగ్ ఈ లోటును గుర్తించి 2007 నుంచి బిడ్డింగ్ పద్ధతి తెచ్చింది. ఇప్పుడు వేరే క్లబ్బు ఫలానా నంబరుకు నేను తీసుకుంటాను అని బిడ్ వేస్తే, తండ్రి క్లబ్బు దానికి సరిపడా ధర కట్టుకోవాలి. బిడ్ ఉంటే ఆ నంబరుకు అర్థం ఉంటుంది, బయటివాళ్లు అతన్ని ఎంత విలువ కట్టారో తెలుస్తుంది. 2001లో ఆ బిడ్డే లేదు కాబట్టి 40 అనే అంకెలో ఆబ్లెట్ గురించిన సమాచారం సున్నా. దాన్ని పట్టుకుని జీలాంగ్ దూరదృష్టి అని పొగడడమూ తప్పే, మిగతావాళ్ల గుడ్డితనం అని తిట్టడమూ తప్పే.

జీలాంగ్‌ను పొగడాలనుకుంటే వేరే నంబర్లున్నాయి. 8తో జిమ్మీ బార్టెల్, 17తో జేమ్స్ కెల్లీ, 24తో స్టీవ్ జాన్సన్. రిక్రూటింగ్ చూసింది స్టీఫెన్ వెల్స్. ఒకే డ్రాఫ్ట్‌లో ఈ ముగ్గురినీ పట్టడం నిజమైన కళ్ల పని. కానీ అక్కడ కూడా ఒక్క క్షణం ఆగాలి. హాడ్జ్, బార్టెల్, ఆబ్లెట్ ముగ్గురూ ఒకే అండర్ 18 జట్టు, జీలాంగ్ ఫాల్కన్స్ కుర్రాళ్లు. జీలాంగ్ క్లబ్బు గుమ్మం ముందే ఆడుకుంటున్నవాళ్లు. ఒక మ్యాచ్ చూసి రాసుకున్న చీటీకీ, రెండేళ్లు వారం వారం చూసి ఏర్పరచుకున్న అభిప్రాయానికీ తేడా ఉంటుంది.

మిచెల్ విషయం దీనికి ఇంకా మంచి ఉదాహరణ. 2000 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. పొట్టి, పరుగు నెమ్మది. ఇరవై మీటర్ల స్ప్రింట్ గడియారం ముందు నిలబెడితే అతను అందరికంటే వెనకే. ఆ గడియారం కొలవలేనివి ఇంకేవో అతనిలో ఉన్నాయి: గుంపులో బంతి ఎటు పడుతుందో ముందే పసిగట్టడం, తడి బంతి కూడా చేతిలోంచి జారకపోవడం, కుడి కాలైనా ఎడమ కాలైనా ఒకే బరువుతో కొట్టగలగడం. ఇవి చూడాలంటే పక్కన కూర్చుని చూడాలి. 2001లో అతను ఆడింది ఏఎఫ్ఎల్ కింది స్థాయి విక్టోరియా లీగ్ అయిన వీఎఫ్ఎల్‌లో, బాక్స్ హిల్‌కు. బాక్స్ హిల్ అంటే హాథార్న్‌కు అనుబంధ జట్టు, హాథార్న్ సీనియర్ జట్టులో చోటు దక్కనివాళ్లు వెళ్లి ఆడేది అక్కడే. ఆ ఏడాది బాక్స్ హిల్ వీఎఫ్ఎల్ ప్రీమియర్‌షిప్ గెలిచింది. అంటే హాథార్న్ కోచ్‌లు ఏడాది పొడుగునా తమ ఆటగాళ్ల పక్కనే అతన్ని చూశారు. ఫ్రీమాంటిల్ నుంచి వచ్చిన 36వ పిక్‌ను అతని మీద పెట్టారు. అది అదృష్టం కాదు. మిగతా పదిహేను క్లబ్బులకు లేని కిటికీ వాళ్లకుంది, దాంట్లోంచి చూశారు.

అయినా 2002లో అతన్ని నేరుగా సీనియర్ జట్టులో స్థిరపరచలేదు. ఆ ఏడాది బాక్స్ హిల్ తరఫున ఆడి వీఎఫ్ఎల్ ఉత్తమ ఆటగాడిగా లిస్టన్ ట్రోఫీ గెలిచాడు. 2003లో ఏఎఫ్ఎల్ ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్. 2008లో ప్రీమియర్‌షిప్ కెప్టెన్. మొత్తం 329 మ్యాచ్‌లు. 2012 బ్రౌన్‌లో మొదట జోబ్ వాట్సన్‌కు వెళ్లింది, అది రద్దయ్యాక 2016లో మిచెల్‌కూ ట్రెంట్ కాచిన్‌కూ కలిపి ఇచ్చారు, ఇద్దరికీ 26 ఓట్లు.

ఇక డేన్ స్వాన్, 58. ఇక్కడ నిబంధన సాకు లేదు, అందరూ నిజంగానే వదిలేశారు. వదిలేసినవాళ్లది తప్పా? కాల్డర్ కానన్స్ నుంచి వచ్చిన ఆ కుర్రాడికి తొలి రోజుల్లో శిక్షణ మీద శ్రద్ధ తక్కువ, మైదానం బయట గొడవలూ ఉన్నాయి. 2001 నవంబరులో కనిపించిన స్వాన్‌కు 58 సరైన ధరే అనుకుంటాను. మారింది తర్వాత. కాలింగ్‌వుడ్ అతన్ని వదిలించుకోకుండా అట్టిపెట్టుకుంది. అది మొదటి కారణం. రెండోది ఆట పద్ధతి. మిక్ మాల్ట్‌హౌస్ కోచ్‌గా ఉన్న కాలింగ్‌వుడ్ ఇంటర్‌చేంజ్‌ను విపరీతంగా వాడుకుంది. ఈ ఆటలో మైదానంలో 18 మంది, అప్పట్లో పక్కన బెంచీ మీద నలుగురు. వాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, పరిమితి 2014లో గానీ రాలేదు. స్వాన్ కొన్ని నిమిషాలు ఉరికి ఉరికి బెంచీకి వచ్చేవాడు, ఊపిరి పీల్చుకుని మళ్లీ లోపలికి. సుదూర పరుగు వీరుడు కాని మనిషిని పూర్తి వేగంతో విడతలు విడతలుగా వాడుకోవడం అది. 2010లో ప్రీమియర్‌షిప్, 2011లో 34 ఓట్లతో బ్రౌన్‌లో. అప్పటికి అదే రికార్డు. వేరే కోచ్ చేతిలో, మార్పులు తక్కువ చేసే జట్టులో ఇదే స్వాన్ ఎన్ని ఓట్లు తెచ్చేవాడో, డ్రాఫ్ట్‌ను తిరగరాసేవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరు.

జీలాంగ్ సంగతీ అంతే. 2006 చివరికి బార్టెల్, కెల్లీ, జాన్సన్, ఆబ్లెట్ నలుగురూ ఐదేసి సీజన్లు పూర్తిచేశారు. ఆ ఏడాది జట్టు పదో స్థానంలో నిలిచింది. అప్పుడు ఆగి 2001ని తూచి ఉంటే, మంచి డ్రాఫ్టే గానీ గొప్పదేం కాదు అనేవాళ్లం. ఆ చలికాలం తర్వాత క్లబ్బు తనను తాను ఊడ్చుకుంది. ఆటగాళ్ల నాయకత్వ బృందానికి నిజమైన అధికారం వచ్చింది. ముందు వరుసలో గోల్స్ కొట్టుకుంటూ హాయిగా ఉన్న ఆబ్లెట్‌తో, నువ్వు ఇంకా కష్టపడితే లీగ్‌లోనే మొదటివాడివి అవుతావని సహచరులే ముఖం మీద చెప్పారు. అతను ఆ వేసవి ఒళ్లు వంచి, 2007లో మిడ్‌ఫీల్డ్‌లోకి వచ్చాడు. స్టీవ్ జాన్సన్ వాంగరట్టాలో తాగి గొడవ చేస్తే, సీజన్ మొదట్లో అతన్ని జట్టు నుంచి పక్కన పెట్టిందీ ఆ సహచరులే. అదే జాన్సన్ ఆ సెప్టెంబరులో నార్మ్ స్మిత్ మెడల్ మెడలో వేసుకున్నాడు. పోర్ట్ అడిలైడ్ మీద 119 పాయింట్ల గెలుపు, గ్రాండ్ ఫైనల్ చరిత్రలోనే అతి పెద్ద తేడా. జీలాంగ్‌కు 1963 తర్వాత మొదటి ప్రీమియర్‌షిప్. బార్టెల్‌కు అదే ఏడు బ్రౌన్‌లో. ఆబ్లెట్‌కు 2009లో ఒకటి, గోల్డ్ కోస్ట్‌కు వెళ్లాక 2013లో ఇంకొకటి.

లెక్క చూస్తే 2004 నుంచి 2013 దాకా పదేళ్ల బ్రౌన్‌లోలలో ఏడింటి మీద ఈ ఒక్క డ్రాఫ్ట్ పేరుంది. పేర్లు ఐదు: జడ్, బార్టెల్, ఆబ్లెట్, స్వాన్, మిచెల్. నంబర్లు 3, 8, 40, 58, 36. మొదటి పదిలో ఉన్నవాళ్లు ఇద్దరే. తొమ్మిదో నంబరుతో మెల్‌బోర్న్ క్లబ్బు తీసుకున్న ల్యూక్ మోలన్ గాయాల వల్ల ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఆడలేదు. బార్టెల్ పక్క నంబరు అది.

ఇక నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం సెయింట్ కిల్డా. దాని గురించి రాయడం కొంచెం కష్టం కూడా.

డ్రాఫ్ట్ రోజున ఎంపికల నాణ్యత మాత్రమే చూస్తే, 2001లో సెయింట్ కిల్డా ఎవరికీ తీసిపోదు. 2తో బాల్, 5తో జేవియర్ క్లార్క్, 13తో నిక్ డల్ శాంటో, 21తో మాథ్యూ మగ్వైర్, 37తో లీ మోంటాన్యా. డల్ శాంటో 322 మ్యాచ్‌లు ఆడాడు, మోంటాన్యా 287 సెయింట్ కిల్డాకే ఆడాడు. అంతకుముందు ఏడాదే ఒకటో నంబరుతో నిక్ రీవోల్ట్ వచ్చి ఉన్నాడు. 1966లో తప్ప ప్రీమియర్‌షిప్ ముఖం ఎరగని క్లబ్బు అది. ఇంతమందిని సరిగ్గా ఎంచుకుంది.

2009లో లీగ్ దశ 22 మ్యాచ్‌లలో 20 గెలిచింది, మొదటి 19 వరుసగా. గ్రాండ్ ఫైనల్ జీలాంగ్‌తో. రెండో క్వార్టర్‌లో జీలాంగ్ ఫార్వర్డ్ టామ్ హాకిన్స్ కొట్టిన బంతి గోల్ పోస్టును తాకి లోపలికి పోయింది. పోస్టు తాకితే ఒక్క పాయింటే రావాలి. గోల్ అంపైర్‌కు కనబడలేదు, గోల్‌కిచ్చే ఆరు ఇచ్చాడు. వీడియో చూసే ఏర్పాటు అప్పటికి లేదు. ఆఖరి క్వార్టర్‌లో స్కోర్లు సమంగా ఉండగా మైదానం మధ్యలో బంతి నేల మీద ఆగింది. జీలాంగ్ డిఫెండర్ మాథ్యూ స్కార్లెట్ వంగి తీసుకునే వ్యవధి లేక బూటు మొనతో పొడిచాడు. అది పోయి ఆబ్లెట్ చేతిలో పడింది. ఆబ్లెట్ దూరంగా ముందుకు కొట్టాడు, ఆ దాడి పాల్ చాప్‌మన్ గోల్‌తో ముగిసింది. తేడా 12 పాయింట్లు, 80కి 68. ఆ మైదానం మీద ఒకవైపు బార్టెల్, కెల్లీ, జాన్సన్, ఆబ్లెట్. రెండోవైపు బాల్, డల్ శాంటో, మోంటాన్యా. ఒకే డ్రాఫ్ట్ పిల్లలు.

ఆ సీజన్‌లో బాల్‌కు మైదానంలో సమయం తగ్గుతూ వచ్చింది. ఏడాది చివర కొత్త ఒప్పందం వద్దన్నాడు. కాలింగ్‌వుడ్‌తో ట్రేడ్ కుదరలేదు. దాంతో ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ డ్రాఫ్ట్‌లో పేరు ఇచ్చుకున్నాడు. ఒకప్పుడు రెండో నంబరుకు వెళ్లినవాడిని 2009లో కాలింగ్‌వుడ్ 30వ నంబరుకు పట్టుకుంది.

2010 గ్రాండ్ ఫైనల్ సెయింట్ కిల్డాకూ కాలింగ్‌వుడ్‌కూ. ఆట ముగియడానికి రెండు నిమిషాల లోపే ఉంది, సెయింట్ కిల్డా ఒక్క పాయింట్ వెనక. లెన్నీ హేస్ దూరం నుంచి బంతిని గోల్ వైపు కొట్టాడు. స్టీఫెన్ మిల్న్ ఒక్కడే బంతి వెంట ఉరికాడు. మన ఫుట్‌బాల్‌లా ఆ బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారం. నేల తాకాక ఎటు దూకుతుందో ఎవరికీ తెలియదు. అది మిల్న్ చేతుల్లోకి రాకుండా పక్కకు తుళ్లి, ఒక్క పాయింటే వచ్చే బిహైండ్ గీత దాటింది. ఒక్క పాయింట్. 68–68. ఆ బంతి చేతికి దూకి ఉంటే ఆరు పాయింట్లూ, నలభై నాలుగేళ్ల నిరీక్షణకు తెరా. వారం తర్వాత మళ్లీ ఆడారు, కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. గెలిచిన జట్టులో స్వాన్ ఉన్నాడు, బాల్ ఉన్నాడు.

సెయింట్ కిల్డా 2001ని విఫలమైన డ్రాఫ్ట్ అనేవాళ్లకు నేను ఈ బంతినే చూపిస్తాను. డల్ శాంటో, మోంటాన్యా ఎంపిక తప్పయితే ఆ జట్టు రెండేళ్లు వరుసగా అక్కడిదాకా వచ్చేదే కాదు. అటు జీలాంగ్ నలుగురూ ఉన్నా ఓడిన గ్రాండ్ ఫైనల్ ఉంది: 2008లో హాథార్న్ మీద 34 సార్లు స్కోరు చేశారు, హాథార్న్ 25 సార్లే. కానీ జీలాంగ్ 34లో 23 బిహైండ్లు, హాథార్న్‌వి ఏడే. తేడా 26 పాయింట్లు. ప్రీమియర్‌షిప్‌ల సంఖ్యతో డ్రాఫ్ట్‌ను తూచేవాళ్లు పోస్టులకు ఇవతలా అవతలా పడిన బంతులను కూడా రిక్రూటింగ్ మేనేజర్ ఖాతాలోనే రాస్తున్నారు.

మరి ఒక పాత డ్రాఫ్ట్‌ను ఎలా చూడాలి? నేను చూసే వరుస ఇది. ముందు ఆ నంబరు ఎలా పుట్టిందో తేల్చుకోవాలి: మామూలు వరుసా, ప్రయారిటీయా, ట్రేడ్‌లో వచ్చిందా, తండ్రి–కొడుకు ధరా. ఆ తర్వాత పుట్టిన నెల. తర్వాత, ఆ క్లబ్బుకు అతన్ని చూడడానికి మిగతావాళ్లకు లేని వీలు ఏమైనా ఉందా అన్నది. తర్వాత మొదటి మూడేళ్లు అతన్ని ఎక్కడ, ఎవరి కింద ఆడించారో. ఆ క్లబ్బు నుంచి వెళ్లిపోతే బదులుగా ఏం వచ్చిందో కూడా చూడాలి, ఎందుకంటే పిక్ ఆయుష్షు ఆటగాడితో తీరిపోదు. మ్యాచ్‌ల సంఖ్య ఆఖరున చూస్తాను. అది తేలిగ్గా దొరుకుతుంది, అందుకే అందరూ అక్కడ మొదలుపెడతారు. బలహీనమైన జట్టులో పోటీ లేక 150 మ్యాచ్‌లు ఆడినవాడినీ, బలమైన జట్టులో చోటు కోసం కొట్లాడి 90 ఆడినవాడినీ ఆ అంకె ఒకే త్రాసులో పెడుతుంది.

ఈ పద్ధతిలో చూస్తే, చాలామంది నవ్వే ఆ క్రోడ్ ట్రేడ్ కూడా వేరుగా కనిపిస్తుంది. ఫ్రీమాంటిల్ హాడ్జ్‌నూ మిచెల్‌నూ చేజేతులా ఇచ్చేసిందన్నది అందరి మాట. 36 వాళ్ల దగ్గరే ఉన్నా మిచెల్‌నే తీసుకునేవాళ్లని ఎవరు చెప్పగలరు? బాక్స్ హిల్ కిటికీ హాథార్న్‌ది, ఫ్రీమాంటిల్‌ది కాదు. 20వ నంబరుతో హాథార్న్ తీసుకున్న డేనియల్ ఎల్‌స్టోన్ నిలదొక్కుకోలేదు, ఆ సంగతి ఎవరూ ఎత్తరు. క్రోడ్ రెండు సీజన్లకే హాథార్న్‌కు తిరిగొచ్చాడు, నిజమే. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాడ్జ్, మిచెల్‌లతో కలిసి ఆడాడు, ఆ మ్యాచ్‌లోనే పాదం విరిగింది, మళ్లీ ఆడలేదు. ట్రేడ్‌లో ఇచ్చినవాడూ, బదులుగా వచ్చినవాళ్లూ ఒకే ప్రీమియర్‌షిప్ జట్టులో.

ఇక రెండోవాడు, ఆ ట్రేడ్‌లో పక్క పేరుగా వెళ్లిన మెక్‌ఫార్లిన్. ఫ్రీమాంటిల్‌కు 244 మ్యాచ్‌లు ఆడాడు, 2012లో ఆ ఏటి మేటి ఆటగాళ్ల ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో చోటు. ఏడాది తర్వాత, 2013లో, ఫ్రీమాంటిల్ తన చరిత్రలో మొదటిసారి గ్రాండ్ ఫైనల్‌కు వచ్చింది. ఎదుట హాథార్న్. మనవాళ్లకు క్రికెట్ వల్ల బాగా తెలిసిన ఎంసీజీ మైదానమే. హాథార్న్ వైపు ఒకటో నంబరు హాడ్జ్ కెప్టెన్, 36వ నంబరు మిచెల్. వేరే క్లబ్బులు ఎంచుకుని పోగొట్టుకున్న ఏడో నంబరు డేవిడ్ హేల్, 71వ నంబరు బ్రయన్ లేక్ కూడా అదే జెర్సీలో. ఫ్రీమాంటిల్ వెనక వరుసలో మెక్‌ఫార్లిన్. హాథార్న్ 15 పాయింట్లతో గెలిచింది. నార్మ్ స్మిత్ మెడల్ 31 ఏళ్ల లేక్‌కు ఇచ్చారు.